గడప దాటిన రాయబారము

జూబ్లీ హిల్సు గుట్టలపైనున్న చలనచిత్ర తారల మేడలను, ఊరికి వచ్చిన చుట్టములకు వేడుకతో చూపువారు పెక్కురు. వారు తిరుగుదారిలో నాంపల్లికడ నొక్కమారు నిలిచి, 'గోల్డెన్ త్రెషోల్డ్' అను పాతయింటిని గూడ తమ కుమార్తెలకు చూపవలెనని మా మనవి. 'బంగారు గడప' యని ఆ పేరున కర్థము. అది సరోజినీ నాయుడుగారి గృహము. ఆమె కవయిత్రి యని యెల్లరు నెఱుగుదురు. మనదేశమునకు స్వతంత్రముగ రాయబారులే లేని కాలమున నామె రాయబారము నెఱపిన సంగతి కొందఱికే తెలియును.

1879 ఫిబ్రవరి 13వ తేదీన హైదరాబాదులో నొక వంగ బ్రాహ్మణ కుటుంబమున నామె జన్మించెను. వైద్యులగు గోవిందరాజులు నాయుడుగారిది వేఱు కులము. 1898లో మద్రాసున వీరి వివాహమును జరిపించినవారు మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు. పెండ్లియైన స్త్రీకి వంటయిల్లే లోకమని తలచు కాలమది. ఆమె విషయమున నట్లు గాలేదు. నలుగురు బిడ్డల తల్లియై యుండియు నామె గడప దాటి ప్రజాకార్యమునకు పూనుకొనెను.

1917 డిసెంబరులో భారతమంత్రి మాంటేగు మద్రాసునకు వచ్చినపుడు, స్త్రీలకు వోటు హక్కు కావలెనని యడుగబోయిన మహిళాబృందమునకు నాయకురాలామెయే. 1919లో లండనునకు పోయి పార్లమెంటు సంఘము నెదుట ఆ వాదమునే వినిపించెను. పార్లమెంటు తాను హక్కు నీయక, ఆ నిర్ణయమును రాష్ట్ర శాసనసభలకు వదలెను. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీల వోటు నంగీకరించెను. 1924లో ఆమె మొంబాసా నగరమున తూర్పు ఆఫ్రికా భారతీయ కాంగ్రెసున కధ్యక్షత వహించెను. 1925లో కాన్పూరు కాంగ్రెసున కధ్యక్షురాలయ్యెను. ఆ పీఠమెక్కిన తొలి భారతీయ మహిళ యామెయే. 1928లో అమెరికాకు పోయి మనదేశము పక్షమున నుపన్యసించెను. 1931లో లండను రౌండుటేబిలు సమావేశమున కూర్చుండెను.

కృష్ణరాయబారమువలెనే ఆ సమావేశమును సంధి కుదుర్పలేదు. కాని రాయబారము విలువ సంధితోడనే తీరునా? భారతస్త్రీ నోరులేనిదని నమ్మినవారి సభలో నామె నిలిచి మాటాడుటయే యొక ప్రత్యుత్తరము.

1947 మార్చిలో, స్వరాజ్య మింకను చేతికి రాకమునుపే, ఆసియా దేశముల ప్రతినిధులు ఢిల్లీ పురానాకిల్లాలో సమావేశమైరి. అధ్యక్షపీఠము నామెయే యలంకరించెను. ఆ యేటి ఆగస్టు 15న, నేటి ఉత్తరప్రదేశమగు నాటి సంయుక్తరాష్ట్రమునకు గవర్నరై, ఆ పదవియందే 1949 మార్చి 2న లక్నోలో కన్నుమూసెను.

చదువరులారా, ఇక నొక విచిత్రమును గమనింపుడు. ఆ 1949లోనే కొడగు ప్రాంతపు యువతి సి. బి. ముత్తమ్మ మన విదేశాంగ సర్వీసున ప్రవేశించిన తొలి మహిళ యయ్యెను. పెండ్లియాడినచో నుద్యోగము వదలుదునని ప్రభుత్వ మామెచేత నొప్పించుకొనెను! ఆ నియమమే కొలతయైనచో సరోజినీదేవికి చిన్న కొలువైనను దక్కి యుండునా? ముత్తమ్మ యవివాహితగనే పనిచేసి 1970లో హంగరీకి రాయబారిణి యయ్యెను. పైపదవి నిరాకరింపబడగా సుప్రీముకోర్టు నాశ్రయించెను. ప్రభుత్వ మామెకు పదోన్నతి నిచ్చుటచే 1979లో వ్యాజ్యము ముగిసినను, న్యాయమూర్తి కృష్ణయ్యరు ఆ నిబంధనలను గట్టిగా గర్హించెను. పురుషునకు పెండ్లి అడ్డు కానప్పుడు స్త్రీకి మాత్ర మేల అడ్డు కావలెనని ఆయన ప్రశ్న.

శాసనపు గడప యట్లు తొలగెను. ఇంటి గడప సంగతి యేమి? 'దూరదేశపు ఉద్యోగమట, రేపు పెండ్లి యెట్లు?' అని కుమార్తెను నిలుపు తలిదండ్రులు నేటికిని లేకపోలేదు. వారికి మే మే కోర్టును చూపగలము? నాంపల్లిలోని ఆ యింటినే చూపుదుము. 1898నాటి యొక వివాహము ఆ గడపను మూయలేదు, తెఱచెను.