కదలికకు కడపటి దారి

చేయి చాపి రేడియో మీట త్రిప్పుటకు మనకొక క్షణము చాలును. ఆ క్షణములోనే మెదడునుండి బయలుదేరిన ఆజ్ఞ వెన్నుపామును చేరి, అచ్చటి చాలక కణములను మేల్కొలిపి, వాని పొడవైన పోగులవెంట చేతి కండరములకు పోవుచున్నది. వెన్నుపాము చిటికెన వ్రేలంత లావు. పెద్దవారిలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవు. ఇంత సన్నని త్రాటికి వచ్చు వార్తలకు ఒక ద్వారము, పోవు ఆజ్ఞలకు వేరొక ద్వారము ఉన్నవని తెలియుటకు పంతొమ్మిదవ శతాబ్దివరకు వేచియుండవలసి వచ్చినది.

వెన్నుపాము తెగినచో దిగువ అంగములు పడిపోవునని రెండవ శతాబ్దిలోనే, రోములో వైద్యము చేసిన గేలెన్ ఎరుగును. అయినను చాలకాలము దానిని మెదడుకు నౌకరుగా మాత్రమే తలచినారు. 1751లో ఎడింబరో వైద్యుడు రాబర్ట్ విట్ ప్రకటించిన గ్రంథము ఈ తలంపును కదలించినది. తల తీసిన కప్ప కాలిని గిల్లినచో అది కాలు ముడుచుకొనును. వెన్నుపామును కూడ ధ్వంసము చేసినచో ఆ కదలిక ఉండదు. నిప్పు తగిలిన చేతిని, మంట మనకు తెలియకముందే, వెనుకకు లాగుకొనుట ఇట్టిదే.

వెన్నుపామునుండి వెలువడు నాడులకు ముందొక వేరు, వెనుకొక వేరు ఉండును. రెండెందుకు? 1811లో లండను శస్త్రవైద్యుడు చార్లెస్ బెల్ ఒక చిన్న పుస్తకమును నూరు ప్రతులు అచ్చువేయించి మిత్రులకు పంచినాడు. ముందరి వేరును తాకినచో కండరములు అదరుననియు, వెనుకటి దానిని కోసినను అదరవనియు అందు వ్రాసినాడు. వెనుకటి వేరు స్పర్శజ్ఞానమునకని మాత్రము అందులో లేదు.

1822లో పారిస్ నగరమున ఫ్రాన్సువా మాజెండీ ఆరు వారముల కుక్కపిల్లలపై పరీక్ష చేసినాడు. వెనుకటి వేళ్లు కోసినప్పుడు కాలు కదలినది కాని, గిల్లినను నొప్పి తెలియలేదు. ముందరివి కోసినప్పుడు కాలు వ్రేలాడినది. బాధ మాత్రము తెలిసినది. మత్తుమందులు ఇంకను రాని కాలమది. ఆ మూగజీవులను తలచినచో నేటికిని మనస్సు కలతపడును. ఇంగ్లండులో ఆనాడే మాజెండీపై నిరసన చెలరేగినది. బెల్ జీవహింసకు వెనుదీయువాడే, కాని కీర్తి విషయమున నిర్మోహి కాడు. తన పాత వ్యాసమును 1824లో తిరిగి అచ్చువేయించునప్పుడు, మాజెండీ కనుగొన్నదానికి సరిపడునట్లు మాటలు మార్చినాడు. ఆ సూత్రమునకు నేడు ఇద్దరి పేర్లును కలిపి చెప్పుచున్నారు. మా తూకము మాజెండీ వైపే మొగ్గుచున్నది.

ఇక ముందరి వేరులోని పోగులు బయలుదేరు చోటు చూతము. అవి వెన్నుపాము ముందుభాగమున నున్న చాలక కణముల నుండి పుట్టుచున్నవి. ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు చార్లెస్ షెరింగ్టన్ 1906లో వెలువరించిన గ్రంథమున ఈ కణములను అందరికిని ఉమ్మడియైన కడపటి దారిగా వర్ణించినాడు. మెదడు ఆజ్ఞాపించినను, చర్మము హెచ్చరించినను, చేతి కండరమునకు పోవుటకు ఇంకొక బాట లేదు. మోచేతిని మడచు కండరము బిగియునప్పుడు, దానికి ఎదురు కండరమును సడలించు ఏర్పాటు కూడ వెన్నుపాములోనే కలదని ఆయన నిరూపించినాడు. లేకున్నచో రెండును ఒకదానినొకటి లాగుకొని చేయి బిగుసుకొనిపోవును! 1932లో ఆయనకు ఎడ్గార్ ఏడ్రియన్‌తో కలిపి నోబెల్ బహుమానము లభించినది.

కడపటి దారి మూసుకొనిపోయినచో ఏమగునో మన పల్లెలలోని తల్లులెందరో ఏ గ్రంథమును చదువకయే ఎరుగుదురు. పోలియో క్రిమి ముఖ్యముగా చంపునది ఈ చాలక కణములనే. అందుచేతనే ఆ బిడ్డకు కాలిపై చీమ ప్రాకినను తెలియును, కాలు మాత్రము లేవదు. మాజెండీ ముందరి వేళ్లు కోసినప్పుడు చూచిన స్థితి ఇదియే. టీకాల వలన మన దేశమున సహజ పోలియో క్రిమి వలని చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో నమోదైనది. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతముగా ధ్రువపత్రము వచ్చినది.

అంతకు ముందు ఆ వ్యాధి సోకినవారు నేడును మనలో ఉన్నారు. వారి శరీరమున ఒక వింత జరిగియున్నది. చచ్చిన కణముల క్రింద అనాథలైన కండర తంతువులకు, బ్రతికిన కణములు కొత్త కొమ్మలు సాచి ఆజ్ఞలందించినవి. పడిపోయిన కాలిలో కొంత బలము తిరిగి వచ్చుటకు ఇది ముఖ్యమైన కారణము. అయితే తన పాలికి మించిన భారము మోసిన ఆ కణములు, ముప్పది నలువది యేండ్ల పిమ్మట కొందరిలో అలసి, కొమ్మలను వదలివేయుచున్నవని వైద్యులు తలచుచున్నారు. ఏనాడో కుదుటపడిన కాలు మరల నీరసించినదని అట్టివారు చెప్పినచో, ఇంటివారు దానిని వట్టి వయోభారమని త్రోసివేయక వైద్యునకు చూపించవలెను.