టోకెలావ్: చిన్న దీవులలో స్వయంపాలన, అభివృద్ధి

1. పరిచయం

వలస పాలన అంతమైన తీరును మనం సాధారణంగా భారతదేశం, ఇండోనేషియా, ఘనా వంటి దేశాల అనుభవం ద్వారా అధ్యయనం చేస్తాం. అక్కడ ప్రజలు అధికారం కోరారు, పాలకులు నిరాకరించారు. పాలక దేశమే అధికారం అప్పగించడానికి ముందుకు వచ్చినా ప్రజలు వెనుకాడిన సందర్భాలు కూడా చరిత్రలో ఉన్నాయి. పసిఫిక్ మహాసముద్రంలోని టోకెలావ్ అందుకు ఉదాహరణ. ఈ భాగం చదివిన తరువాత ఆ వెనుకంజకు గల కారణాలను మీరు వివరించగలుగుతారు.

2. చారిత్రక నేపథ్యం

అటాఫు, నుకునోను, ఫకావోఫో అనే మూడు పగడపు దీవుల సముదాయమే టోకెలావ్. భూభాగం సుమారు 12 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 1,500. విమానాశ్రయం లేదు. సమోవా నుంచి ఓడలో చేరడానికి ఒక రోజుకు పైగా పడుతుంది.

1863లో పెరూ బానిస వ్యాపారుల ఓడలు ఇక్కడి జనాభాలో దాదాపు సగం మందిని ఎత్తుకుపోయాయి. 1889లో బ్రిటన్ ఈ దీవులను తన రక్షణ కిందికి తీసుకుంది. 1926లో వీటి పాలన న్యూజిలాండ్ చేతికి వచ్చింది. 1948 చట్టం ప్రకారం 1949 జనవరి 1 నుంచి టోకెలావ్ న్యూజిలాండ్‌లో భాగమైంది. ఇక్కడి ప్రజలు న్యూజిలాండ్ పౌరులు. 1966 నాటి తుఫాను తరువాత ప్రభుత్వ పథకం కింద అనేక కుటుంబాలు న్యూజిలాండ్‌కు తరలివెళ్లాయి. నేడు దీవులలో ఉన్నవారి కంటే అక్కడ స్థిరపడిన టోకెలావ్ సంతతివారు అనేక రెట్లు ఎక్కువ.

3. అధికార బదిలీ

1960లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 1541వ తీర్మానం ద్వారా స్వయంపాలన లేని ప్రాంతాలకు మూడు మార్గాలు చూపింది: స్వాతంత్ర్యం, స్వతంత్ర దేశంతో స్వేచ్ఛా అనుబంధం, స్వతంత్ర దేశంలో విలీనం. స్వేచ్ఛా అనుబంధంలో అంతర్గత పాలన స్థానిక ప్రభుత్వానిదే. రక్షణ వంటి బాధ్యతలలో పెద్ద దేశం తోడుగా ఉంటుంది. న్యూజిలాండ్ పాలనలో ఉన్న కుక్ దీవులు 1965లో, నియువే 1974లో ఈ మార్గాన్ని ఎంచుకున్నాయి.

టోకెలావ్‌లో ఈ బదిలీ నెమ్మదిగా సాగింది. 1994లో న్యూజిలాండ్ నియమించిన పాలనాధికారి అధికారాలు ‘జనరల్ ఫోనో’ అనే ప్రతినిధి సభకు సంక్రమించాయి. 1996లో ఆ సభకు శాసనాధికారం లభించింది. 2004లో ప్రజాసేవల బాధ్యత ‘తౌపులేగ’ అనే గ్రామ పెద్దల సభలకు చేరింది. అంటే ఇక్కడ స్వయంపాలనకు పునాది దిగుమతి చేసుకున్న పార్లమెంటు కాదు, గ్రామమే.

4. రెండు ప్రజాభిప్రాయ సేకరణలు

స్వేచ్ఛా అనుబంధానికి మూడింట రెండు వంతుల మద్దతు అవసరమని జనరల్ ఫోనో నిర్ణయించింది. 2006 ఫిబ్రవరిలో 60 శాతం మంది అనుకూలంగా ఓటు వేశారు. 2007 అక్టోబరులో 692 ఓట్లలో 446 అనుకూలంగా వచ్చాయి. కావలసిన సంఖ్యకు 16 ఓట్లు తగ్గాయి. మెజారిటీ మార్పును కోరినా యథాస్థితి కొనసాగింది. టోకెలావ్ నేటికీ ఐక్యరాజ్యసమితి జాబితాలోనే ఉంది.

5. అభివృద్ధితో సంబంధం

బడి, ఆసుపత్రి, ఓడ ప్రయాణం వంటి సేవలకు అయ్యే ఖర్చులో అధిక భాగం న్యూజిలాండ్ సహాయం నుంచే వస్తుంది. పౌరసత్వం, సహాయం కొనసాగుతాయని న్యూజిలాండ్ హామీ ఇచ్చినా, భవిష్యత్తులో అవి సడలుతాయేమోనన్న అనుమానం కొందరిలో మిగిలింది. కాబట్టి ప్రతికూల ఓటును స్వయంపాలనపై విముఖతగా భావించరాదు. గ్రామ స్థాయిలో ఆ అధికారం వారికి అప్పటికే ఉంది. వారు తూకం వేసింది సంబంధం పేరు మారితే కలిగే లాభనష్టాలను.

అదే సమయంలో స్థానిక ఆర్థిక బలాన్ని పెంచే ప్రయత్నాలు కూడా జరిగాయి. భూమి స్వల్పమైనా చుట్టూ 200 నాటికల్ మైళ్ల మత్స్య మండలం ఉంది. విదేశీ ఓడల లైసెన్సు రుసుములు ముఖ్య ఆదాయం. 2004లో అంతర్జాతీయ ట్రస్టు నిధి ఏర్పడింది. 2012లో న్యూజిలాండ్ సహాయంతో నెలకొల్పిన సౌర కేంద్రాలు డీజిల్ దిగుమతిని బాగా తగ్గించాయి. పట్టిన చేపలను ఇంటింటికీ సమానంగా పంచే ‘ఇనాటి’ ఆచారం నేటికీ ఉంది.

6. సారాంశం

ముందు అభివృద్ధి, తరువాత స్వయంపాలన అనే క్రమం టోకెలావ్‌కు సరిపోదు. అక్కడ రెండూ కలిసి, కొద్దికొద్దిగా పెరిగాయి. వలస పాలన ముగిసిందో లేదో నిర్ణయించేది జెండా ఒక్కటే కాదు. ఆ నిర్ణయాన్ని, దాని వేగాన్ని ప్రజలే ఎంచుకోగలగడం కూడా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1) 1541వ తీర్మానం సూచించిన మూడు మార్గాలు ఏవి?
2) 2007 ఫలితాన్ని స్వయంపాలనకు తిరస్కారంగా పరిగణించవచ్చా? చర్చించండి.