చిరునామా చెప్పువారు ఎవరు?

రేడియో ముల్లు త్రిప్పి మనము ఏ కేంద్రమును వినుచున్నామో ఆ కేంద్రమునకే తెలియదు. శ్రోత ఎవ్వరినీ దారి అడుగనక్కరలేదు. ఇంటర్నెట్ సంగతి అట్లు కాదు. అచ్చట ఒక చోటికి పోవలెనన్న ముందుగా దాని పేరు చెప్పి చిరునామా అడుగవలెను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పువారెవరు, దానిని ప్రక్కనుండి వినువారెవరు? నేడు మేము ముచ్చటింపదలచినది ఈ సంగతియే.

కంప్యూటర్లు ఒకదానినొకటి గుర్తించునది అంకెలతో. మనుష్యులు జ్ఞాపకముంచుకొనునది పేర్లను. ఈ రెంటిని జతపరచు జాబితా 1970 దశాబ్దమున ఒక్కచోటనే ఉండెను. అమెరికాలోని ఆర్పానెట్‌కు చెందిన ఆ జాబితాను కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వమున కొందరు నిర్వహించుచుండిరి. క్రొత్త యంత్రము చేరినప్పుడెల్ల వారికి తెలుపవలెను. తక్కినవారు నకలు తీసికొనవలెను. యంత్రములు పెరిగినకొలది ఇది మోయరాని బరువయ్యెను. 1983లో పాల్ మొకాపెట్రిస్ ఆ జాబితాను పంచి, ఎవరి పేర్ల లెక్క వారే చూచుకొను ఏర్పాటును రూపొందించెను. డొమైన్ నేమ్ సిస్టమ్ అనునది ఇదియే.

ఆ ఏర్పాటులో ప్రశ్నకుగాని జవాబునకుగాని కవరు లేదు. రెండును పోస్టుకార్డువలె, దారిలోనివారు చదువుటకు వీలుగా పోవుచుండెను. పైగా ఇంటివారి ప్రశ్నలు సాధారణముగా కనెక్షను ఇచ్చిన కంపెనీకే చేరును. చదువగలవాడు జవాబును మార్చనుగలడు.

ఇందలి ప్రమాదము 2014లో టర్కీ ప్రజలకు అనుభవమునకు వచ్చెను. స్థానిక ఎన్నికలు మార్చి 30న జరుగవలసియుండగా, 20వ తేదీ రాత్రి ప్రభుత్వము ట్విట్టర్‌ను నిలిపివేసెను. కంపెనీలు ఆ పేరునకు తప్పు చిరునామా చెప్పసాగినవి. జనులు వెంటనే మరియొకరిని అడుగ నేర్చిరి. 2009 నుండి గూగుల్ నడుపుచున్న చిరునామా సేవ సంఖ్యయగు 8.8.8.8ను ఇస్తాంబుల్ గోడలపై రంగుతో వ్రాసిరి. ప్రభుత్వము ఊరకుండలేదు. తమ సేవ పేరుతో అచ్చటి కంపెనీలే మారువేషమున జవాబులిచ్చుచున్నవని 29న గూగుల్ ప్రకటించెను. ఎన్నికలు ముగిసిన పిదప రాజ్యాంగ న్యాయస్థానము ఆ నిషేధము భావప్రకటన స్వాతంత్ర్యమునకు భంగకరమని తీర్పు చెప్పగా, ఏప్రిల్ 3న ట్విట్టర్ తిరిగి తెరువబడెను.

అడుగువాని ఎంపిక ఒక్కటియే చాలదనియు, అడిగిన మాటకు రక్షణయు, చెప్పువాని గుర్తింపునకు నిదర్శనమును కావలెననియు ఈ ఉదంతము తేటపరచినది. ప్రశ్నను గుప్తలిపిలో పంపు పద్ధతులు 2016లోను, 2018లోను ప్రమాణములుగా వెలువడినవి. వీనిలో మారువేషము సులభముగా సాగదు.

అయినను ఇది సర్వరోగ నివారిణి కాదు. చిరునామానే మూసివేసినచో పేరు తెలిసియు ఫలము లేదు. పొరుగు కంపెనీ కన్ను తప్పించుకొన్న ప్రశ్నలన్నియు దూరముననున్న కొలదిపాటి పెద్ద సంస్థల పుస్తకములలోనికి చేరవచ్చును. పిల్లలకు తగని చోటులను మూయదలచిన తల్లిదండ్రులకును, మోసపు చిరునామాలను అడ్డుకొను కార్యాలయములకును ఇందు చిక్కులు కలవు.

కావున ఎవరిని నమ్మవలెనో మేము చెప్పజాలము. ఆ నిర్ణయము మాత్రము గృహస్థునిదై ఉండవలెను. నేడు అనేక ఫోనుల సెట్టింగులలో ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ అను చోట ఈ ఎంపిక కలదు. రేడియో ముల్లు త్రిప్పు చేయి మనదే అయినట్లు, దారి ఎవరిని అడుగవలెనో నిర్ణయించు చేయియు మనదే కావలెను.