భువనవిజయమూ, ఇరవై ముఖాల పాచికా

తార్నాకలో మా ఇంటి మేడమీద ఒక గది ఉన్నది. ఉద్యోగవిరమణ తరువాత నా పుస్తకాలూ, పాత ప్రశ్నపత్రాల కట్టలూ అందులో కాపురముండేవి. 2019లో మా తమ్ముడి కొడుకు వచ్చి, "పెదనాన్నా, ఆదివారం సాయంత్రాలు ఆ గది మాకిస్తారా? ఆడుకుంటాం" అన్నాడు. ఉస్మానియాలో పరిశోధన చేస్తున్నవాడు ఆడుకుంటాననేసరికి పేకాటేమోనని భయపడ్డాను. పాచిక అనగానే ధర్మరాజు జూదం తలపుకు వచ్చే జాతి కదా మనది! వాడు సంచిలోంచి తీసినవి నిజంగానే పాచికలు. కానీ ఒకదానికి నాలుగు ముఖాలు, ఒకదానికి ఎనిమిది, ఒకదానికి పన్నెండు, మరొకదానికి ఇరవై!

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. బల్ల చుట్టూ అయిదారుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరిస్తారు. ఒకడు వీరుడు, ఒకతె మాంత్రికురాలు, ఇంకొకడు దొంగ. మిగిలిన లోకమంతా ఒకరి చేతిలో ఉంటుంది. ఆ వ్యక్తిని వారు డీఎం అంటారు, నేను సూత్రధారుడంటాను. సూత్రధారుడు "ఎదుట పాడుబడిన కోట ఉన్నది, లోపల దీపం వెలుగుతున్నది" అని చెప్పి, ఒక్కొక్కరినీ "నువ్వేం చేస్తావు?" అని అడుగుతాడు. వారు చెప్పిన పని నెరవేరినదీ లేనిదీ పాచిక తేలుస్తుంది. పణం లేదు, గెలుపోటముల లెక్కా లేదు. మూడు గంటలు గడిచాక ఒక కథ మిగులుతుంది, అంతే.

మొదటి ఆదివారం గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ, దీనిని ఎక్కడో చూశాననుకున్నాను. రాత్రి భోజనం చేస్తుండగా స్ఫురించింది: ఇది భువనవిజయం!

భువనవిజయ రూపకం చూడని సాహిత్యప్రియులు మన తరంలో తక్కువ. ఒకరు శ్రీకృష్ణదేవరాయలు, ఒకరు తిమ్మరుసు, ఎనిమిదిమంది అష్టదిగ్గజాలు. రాయలవారు ప్రశ్నిస్తారు, కవులు తమ పాత్రకు తగినట్లు పద్యంతో బదులిస్తారు. కంఠస్థమైన పద్యాలు కొన్ని, అప్పటికప్పుడు అల్లినవి కొన్ని. సముద్రాలు దాటి అమెరికాలోని తెలుగు సంఘాల వేడుకలకు కూడా ఈ రూపకం చేరింది. పాత్రలున్నాయి, నియమాలున్నాయి, సభను నడిపేవాడున్నాడు, మాట మాత్రం ముందుగా వ్రాసిపెట్టినది కాదు. మా మేడమీద జరిగేదీ అదే గదా!

ఇంకొక పోలిక కూడా ఉన్నది. మనం వేదిక మీద చూపే ఆ సభ చరిత్రలో అచ్చంగా అలాగే ఉండినదని చెప్పడం కష్టం. రాయలు ఏలినది 1509 నుండి 1529 వరకు. మనుచరిత్రమును పెద్దన, పారిజాతాపహరణమును తిమ్మన ఆయనకే అంకితమిచ్చారు, సందేహం లేదు. రామరాజభూషణుని వసుచరిత్రము అంకితం పొందినవాడు మాత్రం తళ్ళికోట యుద్ధం (1565) తరువాత రాజ్యమేలిన తిరుమలదేవరాయలు. పింగళి సూరన కళాపూర్ణోదయమును అందుకొన్నది నంద్యాల కృష్ణమరాజు. ఎనిమిది ఆసనాల మీద ఎనమండుగురూ ఒక్కనాడు కూర్చున్న ఆ కొలువు మన ఊహ నిర్మించుకొన్న లోకం. ఆ పిల్లల పాడుబడిన కోట వంటిదే. అయినా దానిలోకి అడుగుపెట్టి మాట్లాడితే పద్యం నిజంగానే పుడుతుంది!

ఇక ఆ ఆట పుట్టుక. దీని ముత్తాత ప్రష్యా సైన్యంలో ఉన్నాడు. 1824లో రైస్విట్జ్ అనే యువ సైనికాధికారి పటం మీద యుద్ధం ఆడే పద్ధతిని ప్రకటించాడు. పాచికలుండేవి, తీర్పు చెప్పే మధ్యస్థుడూ ఉండేవాడు. 1913లో ఆంగ్ల రచయిత హెచ్.జి.వెల్స్ బొమ్మ సైనికులతో ఆడుకొనే యుద్ధానికి నియమాలు కూర్చి 'లిటిల్ వార్స్' అనే పుస్తకం వ్రాశాడు. అమెరికాలో ఇటువంటి ఆటలాడే బృందాలు ఇళ్ళ నేలమాళిగలలో వెలిశాయి. 1969లో మినెసోటాలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు కొత్తగా ఒక ప్రయత్నం చేశాడు. బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత పట్టణాన్ని సృష్టించి, ఆటగాళ్ళకు సేనలనే కాక, నగరపెద్ద వంటి పాత్రలను కూడా ఇచ్చాడు. వారు యుద్ధం సంగతి మరచి, తమలో తాము మంతనాలు మొదలుపెట్టి, ఆయన అనుకోని దారులన్నీ పట్టారు. ఆట చెడిపోయిందని వెస్లీ విచారించాడు. ఆడినవారు మాత్రం మళ్ళీ ఎప్పుడని వెంటపడ్డారు!

ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్, విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాకు చెందిన గారీ గైగాక్స్ కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను వెలువరించారు. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, మొదటి ముద్రణ వేయి ప్రతులు. ఆ వింత పాచికలు మొదట బడి సామగ్రి అమ్మేవారి దగ్గర దొరికినవట, పిల్లలకు ఘనాకారాలు చూపడానికి చేసినవి. ఈ సంగతి విని బడిపంతులునైన నాకు పట్టరాని సంతోషం కలిగింది.

ఈ ఆట విశ్వవిద్యాలయాల నీడన పెరిగింది. 1975లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ప్లేటో కంప్యూటరు వ్యవస్థలో ఒకరు ఇటువంటి ఆటను వ్రాసి, పాఠానికి కేటాయించిన చోట 'పెడిట్5' అన్న పేరుతో దాచారు. అధికారులు దానిని కనిపెట్టి చెరిపేసేవారు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు 'మడ్' అనే ఆటను నిర్మించారు. వేర్వేరు చోట్ల ఉన్నవారు ఒకే కల్పితలోకంలో తిరుగుతూ, అక్షరాలతోనే మాట్లాడుకొనేవారు. నేటి అంతర్జాల పాత్రక్రీడలకు మూలపురుషుడు అదే.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. 1983లో పండిత శిక్షణ పొందుతున్నప్పుడు మేమొక భువనవిజయ బృందం కట్టాము. అందరికీ తెనాలి రామకృష్ణుడే కావాలి. చీట్లు వేస్తే నాకు మాదయగారి మల్లన వచ్చాడు. రాజశేఖరచరిత్రము అంతా తిరగవేసి, నెలరోజులు పద్యాలు వల్లించాను. రాయలు వేసిన మిత్రునిది మంచి కంఠం, గొప్ప ధారణ. ప్రశ్నించవలసినవాడు తానే పద్యాలందుకొనేవాడు. చప్పట్లు మ్రోగేవి. మల్లన వంతు వచ్చేసరికి సమయం మించిపోయేది. మూడు ప్రదర్శనలలో మూడుసార్లూ తలపాగా చుట్టుకొని వెళ్ళి, ఒక్క పద్యమూ చదువకుండానే విప్పివచ్చాను. నాలుగవ ప్రదర్శనకు నేను వెళ్ళలేదు. నావంటివారు మరి ఇద్దరు మానేశారు. బృందం చెదరిపోయింది. ఆ మిత్రుని నేను చాలాకాలం నిందించాను. "నా వంతు ఏది?" అని నేను అడిగి ఉండవలసిందని ఇప్పుడు తోస్తున్నది.

మేడమీది ఆట చూశాక నాకు తెలిసినది ఇది. సభను బ్రతికించేది సభాపతి ప్రతిభ కాదు, అతడు వంతు తప్పకుండా అడిగే ప్రశ్న. పాచిక ఎందుకున్నది? సూత్రధారుని ఇష్టానికి కళ్ళెం వేయడానికి. అవధానంలో నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుడు అవధానికి అడ్డుతగిలినట్లు, పాచిక సూత్రధారునికి అడ్డుతగులుతుంది. ఆ అడ్డు ఉన్నందువల్లనే ఆట రక్తికడుతుంది. మా రాయలకు ఏ పాచికా లేకపోయింది.

ఒక ఆదివారం నాగర్‌కర్నూలు వైపు పల్లెనుండి వచ్చి, వసతిగృహంలో ఉంటున్న ఒక కుర్రవాడు చేరాడు. ఆట ఇంగ్లీషులో సాగుతున్నది. రెండు వారాలు అతడు తలవంచుకొని కూర్చున్నాడు. నాకు నా తలపాగా గుర్తుకు వచ్చింది. మూడవ వారం మావాడు అతనివైపు తిరిగి, తెలుగులో, "కోట తలుపు మూసి ఉంది. నువ్వేం చేస్తావు?" అన్నాడు. నిశ్శబ్దం. ఎవరూ తొందరపెట్టలేదు. చివరకతడు "తలుపెందుకన్నా? చెరువు తూములకెల్లి పోత" అన్నాడు. ఆ కోటకు చెరువు ఉన్నట్లు మావాడు అనుకోనేలేదు! అయినా పాచిక వేయించాడు. పందొమ్మిది పడింది. ఆ నాటినుండి ఆట తెలుగు మాట్లాడసాగింది.

నేను హాజరుపట్టీ వ్రాసేవాడినయ్యాను. ముగ్గురు వచ్చినా నాలుగు గంటలకే మొదలుపెట్టడం, రానివాని పాత్ర జ్వరంతో సత్రంలో పడుకున్నట్లు వ్రాసుకోవడం, కొత్తవారిని ముందుగా అడగడం, ఒక కథ ముగియగానే సూత్రధారుని మార్చడం, ఇవీ మేము పెట్టుకున్న కట్టుబాట్లు. 2020 మార్చిలో దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు బల్ల చుట్టూ ఆట ఫోను తెరల మీదికి ఎక్కింది. పల్లెలో సిగ్నలు కోసం మేడెక్కి కూర్చున్న ఆ కుర్రవాని వంతు కోసం మిగిలినవారు ఎదురుచూసేవారు. అప్పుడుకూడా హాజరు వేశాను.

2023లో మావాడు ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళాడు. సంఘం అంతటితో సరి అనుకొని, పుస్తకాలు మళ్ళీ ఆ గదిలోకి చేర్చడానికి సిద్ధపడ్డాను. ఆదివారం నాలుగు గంటలకు మెట్లమీద చెప్పుల చప్పుడు. ఆ కుర్రవాడే, చేతిలో పటం, వెనుక నలుగురు. సూత్రధారుని కుర్చీలో కూర్చుని, నా హాజరుపట్టీ పక్కకు జరిపి, ఒక పాచిక నా ముందు పెట్టాడు.

"సారూ, మీరు ఒక ఊరి బడిపంతులు. రాత్రిపూట ఎవరో తలుపు కొట్టిండ్రు. మీరేం చేస్తరు?"

నలభై ఏళ్ళుగా ఎదురుచూసిన వంతు. నోట మాట రాలేదు. ఎవరూ తొందరపెట్టలేదు.