లాకింగ్ హబ్

లాకింగ్ హబ్ అనేది నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే వాహనాలలో ముందు చక్రాలను వాటి ఇరుసు కడ్డీలతో కలపడానికీ, అవసరం లేనప్పుడు విడదీయడానికీ చక్రపు నాభి వద్ద అమర్చే పరికరము. దీనినే ఫ్రీ వీలింగ్ హబ్ అని కూడా అంటారు. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత సైన్యాలు అమ్మివేసిన జీపులను, లారీలను పౌరులు కొని మామూలు రోడ్ల మీద నడపడం మొదలుపెట్టిన కాలములో ఇది వాడుకలోకి వచ్చింది. యుద్ధకాలపు సైనిక వాహనాలకు ఈ పరికరము ఉండేది కాదు. కొనుగోలుదారులే తరువాత దీనిని అమర్చుకునేవారు. దీనివలన ముందు ఇరుసు భాగాల అరుగుదల, శబ్దము తగ్గుతాయి. అయితే హబ్బులను లాక్ చేయడం మరచిపోతే వాహనము బురదలో చిక్కుకోవడమే గాక వెనుక ఇరుసు విరిగే ప్రమాదము కూడా ఉన్నది.

నేపథ్యము

పాత సైనిక వాహనాలలో ఇంజను శక్తి గేర్‌బాక్సు నుండి ట్రాన్స్‌ఫర్ కేసుకు చేరుతుంది. అక్కడినుండి ఒక ప్రొపెల్లర్ షాఫ్టు వెనుక ఇరుసుకు, మరొకటి ముందు ఇరుసుకు వెళ్తాయి. మామూలు రోడ్డు మీద వెనుక చక్రాలకు మాత్రమే శక్తి అందుతుంది. బురద, ఇసుక, ఏటవాలు ఎదురైనప్పుడు డ్రైవరు ఒక లివరు ద్వారా ముందు ఇరుసును కూడా కలుపుతాడు. ఈ పద్ధతిని పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ అంటారు.

లివరును రెండు చక్రాల స్థితిలో ఉంచినంత మాత్రాన ముందు ఇరుసు నిలిచిపోదు. ముందు చక్రము నాభికి ఇరుసు కడ్డీ ఒక ఇనుప బిళ్ళ ద్వారా శాశ్వతంగా బిగించబడి ఉంటుంది. దీనిని డ్రైవ్ ఫ్లాంజి అంటారు. వాహనము కదులుతున్నంతసేపు చక్రాలు కడ్డీలను, కడ్డీలు డిఫరెన్షియల్‌లోని పళ్ళచక్రాలను, అవి ముందు ప్రొపెల్లర్ షాఫ్టును తిప్పుతూనే ఉంటాయి. పని ఏమీ చేయకుండానే ఈ భాగాలన్నీ అరుగుతాయి, వాటిని తిప్పడానికి కొంత ఇంధనము కూడా ఖర్చవుతుంది. లాకింగ్ హబ్ ఈ వృథా భ్రమణాన్ని ఆపుతుంది.

చరిత్ర

విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ జీపులు 1941 నుండి 1945 వరకు ఆరు లక్షలకు పైగా తయారయ్యాయి. జీఎంసీ సంస్థ తయారుచేసిన రెండున్నర టన్నుల సీసీకేడబ్ల్యూ లారీలు ఐదు లక్షలు దాటాయి. యుద్ధము ముగిసిన తరువాత వీటిలో చాలా వాహనాలు రైతులకు, గుత్తేదారులకు, రవాణాదారులకు అమ్ముడయ్యాయి.

1948లో అమెరికాలోని సియాటిల్ ప్రాంతములో ఆర్థర్ వార్న్ అనే వ్యక్తి జీపుల కోసము లాకింగ్ హబ్బుల తయారీ ప్రారంభించాడు. యుద్ధపు మిగులు జీపులను రోడ్డు మీద నడపడానికి అనువుగా మార్చడమే వీటి ఉద్దేశము. బ్రిటనులో ఫెయిరీ సంస్థ ల్యాండ్ రోవర్ల కోసము ఇటువంటి హబ్బులను తయారుచేసింది.

భారతదేశములో మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల కూర్పు ఒప్పందము పొందింది. జబల్‌పూర్‌లో 1959 నుండి జర్మనీకి చెందిన మాన్ సంస్థ నమూనాపై శక్తిమాన్ లారీలు, 1969 నుండి నిస్సాన్ పెట్రోల్ నమూనాపై జోంగా వాహనాలు సైన్యము కొరకు తయారయ్యాయి. శక్తిమాన్ ఉత్పత్తి 1996లోను, జోంగా ఉత్పత్తి 1999లోను ఆగిపోయాయి. సైన్యము పక్కన పెట్టిన వాహనాలు వేలము ద్వారా పౌరుల చేతికి వస్తాయి. వీటిని వాడుకలో డిస్పోజల్ బండ్లు అంటారు. పౌరుల కోసము తయారైన మారుతి జిప్సీ తొలి నమూనాలకు చేతితో తిప్పే ఫ్రీ వీలింగ్ హబ్బులు కర్మాగారములోనే అమర్చబడ్డాయి.

సైనిక వాహనాలలో ఎందుకు లేవు

యుద్ధరంగములో వాహనము ఏ క్షణములోనైనా రోడ్డు దిగవలసి రావచ్చు. అప్పుడు డ్రైవరు కిందికి దిగి, చక్రము వద్ద వంగి, రెండు వైపులా మీట తిప్పే అవకాశము ఉండదు. కూర్చున్నచోటినుండే ఒక్క లివరుతో నాలుగు చక్రాలూ పనిచేయడం సైనికుడికి ముఖ్యము. అరిగిన భాగాలను మార్చడానికి సైన్యానికి సొంత మరమ్మతు వ్యవస్థ కూడా ఉన్నది. భారత సైన్యములో ఈ పనిని ఈఎంఈ విభాగము చూస్తుంది. ఆ విభాగపు శిక్షణ కళాశాల సికింద్రాబాదులోని తిరుమలగిరిలో ఉన్నది. పౌరుడి పరిస్థితి ఇందుకు భిన్నము. అతని వాహనము అధిక భాగము తారురోడ్డు మీదనే తిరుగుతుంది, విడిభాగాల ఖర్చు అతనే భరించాలి.

నిర్మాణము, పనిచేసే విధానము

లాకింగ్ హబ్‌లో ముఖ్యంగా నాలుగు భాగాలు ఉంటాయి.

* బయటి కవచము: డ్రైవ్ ఫ్లాంజి స్థానములో చక్రపు నాభికి బోల్టులతో బిగించబడుతుంది.
* లోపలి గేరు: ఇరుసు కడ్డీ చివరనున్న గాడులలో కూర్చుంటుంది. ఈ గాడులను స్ప్లైన్లు అంటారు.
* క్లచ్ రింగు: కవచానికి, లోపలి గేరుకు మధ్య జరుగుతుంది.
* మీట: బయటకు కనిపిస్తుంది. దీనికి ఫ్రీ, లాక్ అనే రెండు స్థానాలు ఉంటాయి.

మీటను లాక్ వైపు తిప్పినప్పుడు స్ప్రింగు ఒత్తిడితో క్లచ్ రింగు జరిగి కవచాన్ని, లోపలి గేరును కలుపుతుంది. అప్పుడు కడ్డీ, చక్రము ఒకటిగా తిరుగుతాయి. ఫ్రీ వైపు తిప్పినప్పుడు రింగు వెనుకకు వస్తుంది. చక్రము తన బేరింగుల మీద తిరుగుతుంది, కడ్డీ మాత్రము కదలదు.

రకాలు

* చేతి హబ్బులు: డ్రైవరు కిందికి దిగి మీట తిప్పాలి. నిర్మాణము సరళము, మన్నిక ఎక్కువ. పాత సైనిక వాహనాలకు ఇవే అనుకూలము.
* ఆటోమేటిక్ హబ్బులు: ముందు ఇరుసుకు శక్తి అందగానే వాటంతట అవే కలుస్తాయి. విడిపోవడానికి చాలా నమూనాలలో వాహనాన్ని కొన్ని అడుగులు వెనుకకు నడపాలి.
* వాక్యూమ్ హబ్బులు: ఇంజను నుండి వచ్చే శూన్యపీడనముతో పనిచేస్తాయి. గొట్టాలలో గాలి చొరబడితే పనిచేయవు.

అమర్చే విధానము

హబ్బు కొనే ముందు మూడు కొలతలు తీసుకోవాలి: ఇరుసు కడ్డీ గాడుల సంఖ్య, ఫ్లాంజి బోల్టుల సంఖ్య, ఆ బోల్టుల వలయపు వ్యాసము. యుద్ధకాలపు విల్లీస్ జీపు కడ్డీకి 10 గాడులు, ఫ్లాంజికి 6 బోల్టులు ఉంటాయి. శక్తిమాన్ వంటి పెద్ద లారీలకు జీపు హబ్బులు సరిపోవు. పరిమాణము దగ్గరగా ఉన్నదని గాడులను అరగదీసి ఇరికించడం ప్రమాదకరము.

పని క్రమము ఈ విధంగా ఉంటుంది.

1. సమతల ప్రదేశములో వాహనాన్ని నిలిపి వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టాలి. జాకీతో ముందు ఇరుసును ఎత్తి, గట్టి స్టాండుల మీద ఆనించాలి. జాకీ ఒక్కదాని మీద ఆధారపడి పని చేయరాదు.
2. నాభి మూత తీసి, కడ్డీ చివరనున్న సర్‌క్లిప్పు లేదా నట్టు తొలగించాలి. తరువాత బోల్టులు విప్పి డ్రైవ్ ఫ్లాంజిని బయటకు లాగాలి. చక్రపు బేరింగులను వేరే నట్లు పట్టి ఉంచుతాయి గనుక చక్రము ఊడి రాదు.
3. పాత గ్రీజు తుడిచి బేరింగులను పరీక్షించాలి. అరిగినవాటిని ఈ దశలోనే మార్చడం సులభము.
4. కొత్త ప్యాకింగు వేసి బయటి కవచాన్ని బిగించాలి. బోల్టులను ఎదురెదురుగా, తయారీదారు సూచించిన బిగువు వరకు టార్క్ రెంచితో బిగించాలి.
5. లోపలి గేరును కడ్డీ మీదకు ఎక్కించి సర్‌క్లిప్పు వేయాలి. కడ్డీ ముందువెనుకలుగా జరిగే ఖాళీ పుస్తకములో చెప్పిన మేరకు ఉన్నదో లేదో చూసుకోవాలి.
6. క్లచ్ రింగుకు పలుచగా మాత్రమే గ్రీజు పూయాలి. గ్రీజు దట్టంగా కూరితే రింగు బిగుసుకుని మీట తిరగదు.
7. మీట బిగించి రెండు స్థానాలలోను చక్రాన్ని చేతితో తిప్పి చూడాలి. ఫ్రీలో కడ్డీ కదలరాదు, లాక్‌లో చక్రముతోపాటు తిరగాలి.

విప్పిన డ్రైవ్ ఫ్లాంజులను పారవేయకుండా వాహనములోనే ఉంచుకోవడం మంచిది. దూరప్రాంతములో హబ్బు విరిగితే పాత ఫ్లాంజిని బిగించి తిరిగి రావచ్చు.

లాభాలు, పరిమితులు

ముందు డిఫరెన్షియల్, జాయింట్లు, ప్రొపెల్లర్ షాఫ్టు తక్కువ అరుగుతాయి. వేగములో ముందువైపు వచ్చే అదురు, శబ్దము తగ్గుతాయి. ఇంధన పొదుపు ఉన్నప్పటికీ అది స్వల్పమే. బరువైన చట్రము, పాత ఇంజను, లావు గాడుల టైర్లు తినే ఇంధనముతో పోల్చితే ముందు ఇరుసు తినేది కొద్ది భాగము మాత్రమే. కాబట్టి హబ్బుల ఖరీదు ఇంధన పొదుపు ద్వారానే తిరిగి వస్తుందని ఆశించరాదు.

ఎల్లవేళలా నాలుగు చక్రాలకూ శక్తి అందే వాహనాలకు ఇవి పనికిరావు. అటువంటి వాహనాల మధ్య డిఫరెన్షియల్‌ను లాక్ చేయకుండా ముందు చక్రాలను విడదీస్తే శక్తి అంతా ప్రతిఘటన లేని ముందువైపుకే పోయి వాహనము కదలదు.

జాగ్రత్తలు

ఒకే హబ్బు లాక్ అయితే ముందు ఇరుసు మొత్తము పనిచేయదు. డిఫరెన్షియల్ రెండు కడ్డీలకూ సమాన బలాన్ని పంచుతుంది. ఒక కడ్డీ స్వేచ్ఛగా తిరుగుతుంటే రెండవ దానికి కూడా బలము అందదు.

రెండు హబ్బులు ఫ్రీలో ఉండగా లో గేరు వేయడం మరింత హానికరము. విల్లీస్ జీపులో నాలుగు చక్రాల స్థితిలో తప్ప లో గేరు పడకుండా ట్రాన్స్‌ఫర్ కేసులో ఒక అడ్డు ఉంటుంది. లో గేరులో పెరిగే బలము అంతా వెనుక ఇరుసు ఒక్కదాని మీద పడకుండా ఇది కాపాడుతుంది. హబ్బులు ఫ్రీలో ఉంటే లివరు నాలుగు చక్రాల స్థితిని చూపినా బలము వెనుకకే చేరుతుంది. నిండు బరువుతో గుంట నుండి పైకి రాబోయే వాహనానికి ఈ స్థితిలో వెనుక కడ్డీ విరగవచ్చు.

విల్లీస్ వంటి జీపులలో చేతి బ్రేకు చక్రాల మీద గాక ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక షాఫ్టు మీద పనిచేస్తుంది. ఒక వెనుక చక్రాన్ని జాకీతో ఎత్తినప్పుడు గాలిలోని చక్రము తిరగగలదు గనుక చేతి బ్రేకు వేసి ఉన్నా వాహనము దొర్లిపోవచ్చు. హబ్బులు లాక్‌లో ఉండి నాలుగు చక్రాల గేరు వేసి ఉంటే ముందు చక్రాలు కూడా వాహనాన్ని నిలిపి ఉంచుతాయి. ఫ్రీలో ఉంటే ఆ రక్షణ ఉండదు. ఏటవాలు నేల మీద ఇది ప్రాణాపాయము.

ముందు ఇరుసు ఎక్కువకాలము కదలకుండా ఉంటే దాని చివరల పైభాగాలకు నూనె అందదు. నెలకొకసారైనా హబ్బులను లాక్ చేసి కొన్ని కిలోమీటర్లు నడపాలి. మీట తుప్పు పట్టి బిగుసుకోకుండా కూడా ఇది ఉపయోగపడుతుంది.

హబ్బులు లాక్‌లో ఉండి లివరు రెండు చక్రాల స్థితిలో ఉంటే ఏ హానీ లేదు. హబ్బులు అమర్చకముందు వాహనము ఎలా నడిచేదో అలాగే నడుస్తుంది. అయితే పొడి తారురోడ్డు మీద నాలుగు చక్రాల గేరు వేయరాదు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకంటె ఎక్కువ దూరము తిరుగుతాయి గనుక షాఫ్టులు మెలిపడి భాగాలు దెబ్బతింటాయి.

వాడుక: కమ్మర్‌పల్లి ప్రాంతపు ఉదాహరణ

హబ్బులను ఎప్పుడు లాక్ చేయాలన్నది నేలను, కాలాన్ని బట్టి ఉంటుంది. నిజామాబాదు జిల్లాలోని కమ్మర్‌పల్లి ఇందుకు మంచి ఉదాహరణ. ఈ మండల కేంద్రము ఆర్మూరు, మెట్‌పల్లి మధ్య 63వ జాతీయ రహదారి మీద ఉన్నది. ఇక్కడ పసుపు పరిశోధన కేంద్రము ఉన్నది. ఇదే రహదారి పడమరగా నిజామాబాదు మీదుగా చెరకు పంటకు పేరుపొందిన బోధన్ వైపు వెళ్తుంది. బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడింది.

ఈ దారిలో తిరిగే వాహనము ఎక్కువ దూరము తారు మీద, కొద్ది దూరము బండ్ల బాట మీద నడుస్తుంది. చెలక నేలలో వాన నీరు త్వరగా ఇంకుతుంది. రేగడి నేల మాత్రము తడిస్తే ఉబ్బి, జిగురుగా మారి టైరు గాడులను పూడ్చివేస్తుంది. చెరకు నరికే కాలము, పసుపు తవ్వే కాలము ఎక్కువగా వాన లేని నెలలలోనే వస్తాయి. అప్పుడు నిజామాబాదు మార్కెట్ యార్డుకు పంట చేరవేసే వాహనానికి హబ్బులు ఫ్రీలో ఉండటమే మేలు. జూన్ నుండి సెప్టెంబరు వరకు వానల కాలములో హబ్బులను లాక్‌లోనే ఉంచి, అవసరమైనప్పుడు లివరును మాత్రమే వాడటం సురక్షితము. బురదలో దిగబడిన తరువాత మీట తిప్పడం కష్టము. అప్పటికి హబ్బు మట్టిలో కూరుకుపోయి ఉండవచ్చు.

చట్టపరమైన విషయాలు

సైనిక వాహనాల నంబరు పలకపై పైకి చూపే బాణము గుర్తు ఉంటుంది. వేలములో కొన్న తరువాత రోడ్డు మీద నడపడానికి పౌర రిజిస్ట్రేషను తప్పనిసరి. 1988 నాటి మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఉండేటట్లు వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని మరల స్పష్టము చేసింది. అందువలన హబ్బులతోపాటు ఇంజను, ఇరుసు వంటివి కూడా మార్చదలచినవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయములో విచారించుకోవాలి.

ఇవి కూడా చూడండి

* జీపు
* ట్రాన్స్‌ఫర్ కేసు
* డిఫరెన్షియల్
* శక్తిమాన్ లారీ
* కమ్మర్‌పల్లి