38 అంటే ఏ 38? కరామాలో డ్రెస్ కొనేముందు చూసుకోవాల్సిన కొలతలు

మేముండేది దుబాయ్ కరామాలో, ఏడీసీబీ మెట్రో స్టేషన్‌కి నడిచివెళ్లేంత దూరంలో. ఊరి నుంచి చుట్టాలొచ్చినా, ఇక్కడి నుంచి ఎవరైనా ఊరికి బయల్దేరినా మా ఇంట్లో మొదటి మాట ఒకటే: "ఒకసారి కరామా మార్కెట్ చూసొద్దామా?" నలభై, యాభై దిర్హాముల్లో కొత్త ఫ్యాషన్ టాపులు, గౌన్లు, కో-ఆర్డ్ సెట్లు దొరుకుతాయి. బేరమాడితే ఇంకా తగ్గుతాయి. చిక్కల్లా సైజు దగ్గరే. చిన్న షాపుల్లో చాలావాటికి ట్రయల్ రూమ్ ఉండదు. వేసుకునే మనిషేమో మూడు వేల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

ఈ వ్యాసం రాయడానికి కారణం కోనసీమ నుంచి వచ్చి ఇక్కడ ఒక ఇంట్లో పనిచేస్తున్న అక్క. ఆదివారం సెలవు దొరికితే మా ఇంటికి వస్తుంది. కూతురు ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉండి ఇంటర్ చదువుతోంది. అక్క ఆ పిల్లని చూసి రెండేళ్లయింది. పోయిన సంక్రాంతికి ముచ్చటపడి నీలం రంగు గౌను ఒకటి కొని, ఊరెళ్తున్న వాళ్లతో పంపింది. పిల్ల వీడియో కాల్‌లో దాన్ని ఒంటికి ఆనించి చూపించి "చాలా బాగుందమ్మా" అంది. ఆరు నెలల తర్వాత అమ్మమ్మ నోటి మాటలో అసలు సంగతి బయటపడింది. గౌను జిప్పు పడలేదు. అమ్మ బాధపడుతుందని పిల్ల చెప్పకుండా పెట్టెలో దాచేసింది.

"మా అమ్మాయి కుర్తీ మీద 38 అనే ఉంటుంది చెల్లెమ్మా. గౌను మీద కూడా 38 చూసే కొన్నాను. మరెందుకు పట్టలేదంటావు?" అని అడిగింది అక్క. ఆ ప్రశ్నకి జవాబు చెప్పబోయి నేనూ చాలా నేర్చుకున్నాను.

రెండు 38లు ఒకటి కావు

మన కుర్తీ మీద ఉండే 38 అంగుళాల లెక్క. చాలా కంపెనీలు S అంటే 36, M అంటే 38, L అంటే 40, XL అంటే 42 అని వేస్తాయి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. కొన్ని కంపెనీలకి 38 అంటే ఒంటి కొలత, కొన్నిటికి కుట్టిన బట్ట చుట్టుకొలత. బట్టే 38 అయితే అది 36 అంగుళాల ఛాతీ ఉన్నవాళ్లకి హాయిగా ఉంటుంది.

యూరప్ లెక్కలో 38 అంగుళాలూ కాదు, సెంటీమీటర్లూ కాదు. ఎక్కువగా వాడే జర్మనీ పద్ధతిలో ఛాతీ చుట్టుకొలతని సెంటీమీటర్లలో తీసుకుని, సగం చేసి, అందులోంచి 6 తీసేస్తారు. 88 సెం.మీ.లో సగం 44, అందులో 6 పోతే 38. అంటే యూరప్ 38 సుమారు 34న్నర అంగుళాల ఛాతీకి. అక్క కూతురి ఛాతీ 36న్నర. జిప్పు పడకపోవడంలో వింతేమీ లేదు.

ఈ వరసని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. యూరప్ సైజు, దానికి సరిపడే ఒంటి ఛాతీ కొలత సుమారుగా ఇలా ఉంటాయి:

34 – 80 సెం.మీ. (31న్నర అంగుళాలు)
36 – 84 సెం.మీ. (33 అంగుళాలు)
38 – 88 సెం.మీ. (34న్నర అంగుళాలు)
40 – 92 సెం.మీ. (36 అంగుళాల పైన)
42 – 96 సెం.మీ. (దాదాపు 38 అంగుళాలు)
44 – 100 సెం.మీ. (39న్నర అంగుళాలకి దగ్గర)

దుబాయ్‌కి సరుకు అన్ని దేశాల నుంచీ వస్తుంది కాబట్టి ఒకే ట్యాగ్ మీద మూడు నాలుగు అంకెలు కనబడతాయి. చాలా బ్రాండ్లలో యూరప్ 38, బ్రిటన్ 10, అమెరికా 6 ఒకటే. యూరప్ అంకెలోంచి 28 తీసేస్తే బ్రిటన్ సైజు, బ్రిటన్ సైజులోంచి 4 తీసేస్తే అమెరికా సైజు వస్తుందని గుర్తుపెట్టుకుంటే చాలు. ఇది దారి చూపే లెక్క మాత్రమే. బ్రాండ్ మారితే ఒక సైజు అటూ ఇటూ అవుతుంది.

అంకె ఎందుకు మారుతుంది?

1939–40లో అమెరికా వ్యవసాయ శాఖ రెడీమేడ్ దుస్తుల కోసం దాదాపు 15,000 మంది ఆడవాళ్లకి, ఒక్కొక్కరికి 59 కొలతల చొప్పున తీయించింది. లెక్కలోకి తీసుకున్నది మాత్రం తెల్లజాతి వాళ్ల కొలతలే. వాటి ఆధారంగా 1958లో సైజుల ప్రమాణం వచ్చింది, 1983లో దాన్ని ఉపసంహరించారు. ఆ తర్వాత ఎవరి అంకె వాళ్లదే. కొనేవాళ్ల మనసు సంతోషపెట్టడానికి పెద్ద బట్ట మీద చిన్న అంకె వేసే అలవాటు కూడా పెరిగింది. 2018లో హెచ్ అండ్ ఎం బ్రిటన్‌లో తన సైజులు మార్చి, అంతకుముందు 12గా అమ్మిన కొలతలనే 10గా అమ్మడం మొదలుపెట్టింది. కొన్నవాళ్ల ఒళ్లు రాత్రికి రాత్రి తగ్గలేదు కదా!

మన దేశానికి మన సైజుల పట్టిక ఉండాలని కేంద్ర జౌళి శాఖ, నిఫ్ట్ కలిసి 'ఇండియాసైజ్' అనే సర్వే చేపట్టాయి. 15 నుంచి 65 ఏళ్ల వయసున్న 25,000 మందికి పైగా కొలతలు త్రీడీ స్కానర్లతో తీయాలన్నది లక్ష్యం. ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి.

అందుకే ట్రయల్ రూమ్‌లో "అయ్యో, XL పడుతోందేంటి నాకు" అని దిగులుపడకండి. ఆ అంకె బట్టది, మనది కాదు. నేనూ చాలాకాలం M తప్ప మరోటి తీసుకోనని పట్టుబట్టి, చంకల దగ్గర కోసుకుపోయే టాపులు నాలుగు బీరువాలో పెట్టుకున్నదాన్నే.

ఒంటి కొలత తీసుకోవడం ఇలా

కుట్టుమిషన్ వాళ్లు వాడే టేపు ఒకటి హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంచుకోండి. కావలసినవి మూడే కొలతలు. ఛాతీ ఎత్తుగా ఉన్నచోట, టేపు వీపు వెనక కిందికి జారకుండా సమంగా పట్టి ఒకటి. నడుము సన్నగా ఉన్నచోట ఒకటి. నడుముకి జానెడు కింద, పిరుదులు వెడల్పుగా ఉన్నచోట ఒకటి. డ్రెస్ కింద ఏ లోదుస్తులు వేసుకుంటారో వాటి మీదే కొలవాలి. ఊపిరి బిగబట్టకూడదు. టేపు లోపల ఒక వేలు దూరాలి.

టాపులకి ఛాతీ కొలత, ప్యాంట్లకి నడుము, పిరుదుల కొలతలు, ఒంటికి అంటుకునే గౌనుకి మూడూ చూడాలి. మూడూ మూడు సైజులు చూపిస్తే పెద్దదే తీసుకోండి. బిగించడం తేలిక, వదులు చేయడం కష్టం.

మనిషి దగ్గర లేకపోతే బట్టని కొలవండి

అక్క విషయంలో పనికొచ్చింది ఈ పద్ధతే. కూతురికి ఫోన్ చేసి మొదట, "నాతో అబద్ధం చెప్పకమ్మా, పట్టకపోతే పట్టలేదని చెప్పు" అంది. తర్వాత ఒంటికి బాగా అమరిన కుర్తీ ఒకటి మంచం మీద పరిచి, రెండు చంక కుట్ల మధ్య టేపు పెట్టి ఫోటో పంపమన్నాం. ఫోటోలో 19న్నర అంగుళాలు ఉంది. రెట్టింపు చేస్తే 39. భుజం వెడల్పు, చేతి పొడవు, మెడ నుంచి కింది అంచు వరకు పొడవు కూడా అలాగే తెప్పించుకున్నాం.

ఆ ఆదివారం షాపులో నచ్చిన గౌన్లని కౌంటర్ మీద పరిచి కొలిచాం. షాపతను మొదట విసుక్కున్నా తర్వాత తనే టేపు కొస పట్టుకున్నాడు. 38 ట్యాగ్ ఉన్న గౌను 18 అంగుళాలు, అంటే చుట్టూ 36. 40 ట్యాగ్‌ది 19, 42 ట్యాగ్‌ది 20. మనకి కావలసింది 19న్నర. అందుకని 42 తీసుకున్నాం.

ఇలా కొలిచేటప్పుడు గుడ్డ రకం కూడా చూడాలి. సాగని కాటన్, లినెన్, జార్జెట్ అయితే ఛాతీ దగ్గర ఒంటి కొలత కంటే రెండు మూడు అంగుళాలు వదులుండాలి. టీషర్ట్ గుడ్డలా సాగేదైతే ఒంటి కొలతంతే ఉన్నా సరిపోతుంది. కాటన్, రేయాన్ మొదటి ఉతుకులో కుంచించుకుపోవచ్చు కాబట్టి ఒకసారి ఉతికాకే ఆల్టరేషన్‌కి ఇవ్వండి. "ఫ్రీ సైజ్" అన్న మాట నమ్మి కొనొద్దు, దాన్నీ కొలవండి.

పొడవు, భుజాలు, పిల్లల సైజులు

జర్మనీ పద్ధతిలో మామూలు సైజులు సుమారు 168 సెం.మీ. ఎత్తు మనిషికి గీస్తారు. భారతీయ స్త్రీల సగటు ఎత్తు 152 సెం.మీ. దగ్గర ఉంటుంది. ఛాతీ సరిపోయినా నడుము కుట్టు కిందికి జారడం, ప్యాంటు నేల ఊడవడం అందుకే. 'పెటీట్' అని రాసినవి దొరికితే ముందు అవి చూడండి. కింది అంచు మడిచి కుట్టించడం తేలికే, నడుము కుట్టు పైకి జరపడం మాత్రం పెద్ద పని.

భుజాలు సరిగ్గా అమరినదే కొనండి. పక్క కుట్లు బిగించడం చిన్న పని, భుజం విప్పి కుట్టాలంటే డ్రెస్ ధరంత అడిగినా ఆశ్చర్యం లేదు. బిగుతుగా ఉన్నదాన్ని వదులు చేయించాలనుకుంటే తిరగేసి చూడండి. కుట్టు పక్కన గుడ్డ వదిలి ఉంటేనే అది సాధ్యం. చవక బట్టల్లో తరచుగా ఆ గుడ్డ మిగల్చరు. ఆల్టరేషన్ టైలర్లు కరామా వీధుల్లోనూ ఉన్నారు, బర్ దుబాయ్ మీనా బజార్‌లోనూ ఉన్నారు.

పిల్లల బట్టల మీద 152, 158, 164 అని ఉంటే అవి ఎత్తు, సెంటీమీటర్లలో. పక్కన రాసిన వయసుని పట్టించుకోకుండా ఊళ్లో పిల్లని గోడకి ఆనించి ఎత్తు కొలిపించండి.

డబ్బు ఇచ్చేముందు

"ఎక్స్ఛేంజ్ ఉందా, ఎన్ని రోజుల్లో, రిఫండ్ ఇస్తారా?" అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. ఇక్కడ 2020 నాటి వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న వస్తువు విషయంలో మనకి అండగా ఉంటుంది. సైజు పట్టకపోవడం లోపం కిందికి రాదు, అది షాపు ఇష్టం. ఊరికి పంపే బట్టలకి ఎక్స్ఛేంజ్ ఉన్నా మనకి దక్కదు కాబట్టి టేపే దిక్కు.

అక్క కొన్న 42 గౌను రాజమండ్రి వెళ్తున్న ఒకరి సూట్‌కేసులో వెళ్లింది. పదిరోజులకి ఫోటో వచ్చింది. పిల్ల ఈసారి దాన్ని ఒంటికి ఆనించుకుని కాదు, వేసుకునే నిలబడింది. నడుము దగ్గర కొంచెం వదులుగా ఉందని, ఊళ్లో టైలరమ్మ దగ్గర ముప్పావు అంగుళం బిగింపించుకుంటానని కిందే రాసింది. అక్క ఆ మాట నాకు రెండుసార్లు చదివి వినిపించింది. "చూశావా చెల్లెమ్మా, వదులుగా ఉందని చెప్పింది" అంది.