ఒకడు నిజమే చెబుతాడు, ఇంకొకడు అబద్ధమే

ఒక దీవిలో రెండే రకాల మనుషులుంటారు. ఒక రకంవాళ్ళు నోరు తెరిస్తే నిజమే చెబుతారు. రెండో రకంవాళ్ళ నోట అబద్ధం తప్ప మరో మాట రాదు. చూడ్డానికి అందరూ ఒకేలా ఉంటారు కనుక, మాటలను బట్టే ఎవరెవరో తేల్చుకోవాలి. ఈ తరహా తర్క ప్రహేళిక ఇప్పటి రూపంలో స్థిరపడింది 20వ శతాబ్దంలోనే. దాని వేళ్ళు మాత్రం గ్రీకు తత్వవేత్తలకు నిద్ర లేకుండా చేసిన, ఈనాటికీ అందరూ ఒప్పుకునే పరిష్కారం దొరకని ఒక వైరుధ్యంలో ఉన్నాయి. విప్పలేని ముడిని జనం తీసుకుని, నియమాలు బిగించి, విప్పడానికి వీలైన ముడిగా మార్చుకున్నారు.

క్రీటు ద్వీపానికి చెందిన ఎపిమెనిడీస్ క్రీటువాళ్ళంతా అబద్ధాలకోరులని అన్నాడని ప్రతీతి. పౌలు తీతుకు రాసినట్టు చెప్పే పత్రికలోనూ, పేరు చెప్పకుండా, ఆ మాట కనిపిస్తుంది. అయితే ఇందులో పేరుకున్నంత చిక్కు లేదు. క్రీటులో ఎవడో ఒకడు ఎప్పుడో ఒక నిజం చెప్పి ఉంటే చాలు, ఎపిమెనిడీస్ మాట మామూలు అబద్ధంగా తేలిపోతుంది. అసలు ముడి వేసినవాడు క్రీ.పూ. 4వ శతాబ్దపు యూబులిడీస్, మిలేటస్ వాడు. ‘నేనిప్పుడు అబద్ధమాడుతున్నాను’ అన్న మనిషి మాట నిజమైతే అబద్ధం, అబద్ధమైతే నిజం. స్టోయిక్ తత్వవేత్త క్రిసిప్పస్ దీని మీద వరసగా గ్రంథాలు రాశాడు. వాటి పేర్లు తప్ప దాదాపు ఏమీ మిగల్లేదు. కోస్ ద్వీపపు కవి ఫిలేటస్ ఈ చిక్కు గురించి ఆలోచించి ఆలోచించే చిక్కిపోయి చచ్చిపోయాడని అథీనియస్ రాశాడు. కథే కావచ్చు, కానీ ఆ కథ పుట్టిందంటేనే చిక్కు ఎంత పేరు మోసిందో అర్థమవుతుంది.

భారతదేశంలోనూ ఈ వాక్యం చర్చకు వచ్చింది. ‘నేను చెప్పేదంతా అబద్ధమే’ అన్న మాటను భర్తృహరి 5వ శతాబ్దంలో వాక్యపదీయంలో పరిశీలించాడు. అలా అన్నవాడు ఆ వాక్యాన్ని ఆ వాక్యానికే వర్తింపజేయాలనుకోడు, వర్తింపజేస్తే చెప్పదలచిన అర్థమే అందకుండా పోతుంది అన్నది ఆయన వాదం. ఇది వ్యాకరణ తత్వవేత్త ఇచ్చే జవాబు: ముడి విప్పడం కాదు, అది ముడే కాదనడం.

అదే చిక్కు 1615లో వచ్చిన డాన్ క్విక్సోట్ రెండో భాగంలో తీర్పు కోసం వచ్చిన తగాదాగా మారింది. అక్కడ ఒక వంతెన దాటేవాడు ఎక్కడికి ఎందుకు పోతున్నాడో ప్రమాణం చేసి చెప్పాలి. నిజమైతే వదిలేస్తారు, అబద్ధమైతే ఉరి తీస్తారు. ఒకడు వచ్చి, ఆ ఉరికొయ్య మీద చావడానికే వచ్చానంటాడు. ఉరి తీస్తే వాడు చెప్పింది నిజమవుతుంది, వదిలేస్తే అబద్ధమవుతుంది. గవర్నరు గద్దె మీదున్న సాంకో పాంజా ముందు నిజం చెప్పిన సగాన్ని వదిలి, అబద్ధం చెప్పిన సగాన్ని ఉరి తీయమంటాడు. అది కుదరదని తేలాక, ఎటూ తేలని చోట దయే మేలని వదిలేయిస్తాడు. తార్కికులు ఇచ్చిన చాలా జవాబుల కంటే ఈ తీర్పు బాగుంది.

విప్పగలిగే రూపం వైపు అడుగు వేసినవాళ్ళలో లూయిస్ కారల్ ముఖ్యుడు. 1894లో ఆయన వేసిన ప్రశ్న ఇది: బి అబద్ధాలకోరని ఎ అంటాడు, సి అబద్ధాలకోరని బి అంటాడు, ఎ, బి ఇద్దరూ అబద్ధాలకోరులేనని సి అంటాడు. సి మాట నిజమనుకుంటే ఎ చెప్పింది అబద్ధం కావాలి, అప్పుడు బి నిజాయితీపరుడవుతాడు; ఇది సి మాటకే అడ్డం తిరుగుతుంది. కనుక సి అబద్ధాలకోరు, బి చెప్పింది నిజం, ఎ చెప్పింది అబద్ధం. ఒకడు తన గురించి తాను చెప్పుకుంటే పడే ముడి, ముగ్గురు ఒకరి గురించి ఒకరు చెప్పుకుంటే విడిపోయింది.

‘ఎప్పుడూ’ అన్న నియమం సడలితే ఏమవుతుందో ఖగోళ శాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్ 1935లో చూపించాడు. ఆయన ప్రశ్నలో నలుగురూ మూడింట ఒకసారే నిజం చెబుతారు. డి అబద్ధమాడాడని సి చెప్పాడన్న మాటను బి కాదన్నాడని ఎ అంటాడు. డి నిజం చెప్పి ఉండే సంభావ్యత ఎంత? ఎడింగ్టన్ లెక్క 25/71. వాక్యాన్ని మరోలా అర్థం చేసుకున్నవారికి 13/41 వచ్చింది, వాదన చాలాకాలం నడిచింది. మామూలు మనుషుల అబద్ధాలు ప్రహేళికకు పనికిరావు. ద్రోణుడికి అశ్వత్థామ పేరు గట్టిగా, ఏనుగు సంగతి మెల్లగా చెప్పిన ధర్మరాజుకు ఈ దీవిలో చోటు లేదు.

దీవి నియమాలు అచ్చులోకి ఎక్కింది 1931లో. తర్వాత తత్వవేత్తగా పేరు తెచ్చుకున్న నెల్సన్ గుడ్‌మన్ బోస్టన్ పోస్ట్ పత్రికలో నిజమే చెప్పే కులీనులు, అబద్ధమే చెప్పే వేటగాళ్ళు ఉన్న దేశం గురించి ప్రహేళిక ప్రచురించాడు. అదే ఏడాది కుర్ట్ గోడెల్ అబద్ధాలకోరు వైరుధ్యాన్ని కొద్దిగా తిప్పి, ‘నిజం’ బదులు ‘నిరూపణ’ పెట్టి, గణిత వ్యవస్థల అసంపూర్ణతను నిరూపించాడు. పత్రిక పాఠకుల కాలక్షేపం, శతాబ్దపు గొప్ప సిద్ధాంతాల్లో ఒకటి ఒకే ఏట వెలువడడం కాకతాళీయమే. రెండూ పుట్టింది మాత్రం ఒకే వాక్యం నుంచి.

ఈ దీవుల కీలకం ఒక్కటే: అక్కడ ఎవరూ ‘నేను అబద్ధాలకోరును’ అనలేరు. నిజం చెప్పేవాడు అంటే అబద్ధమవుతుంది, అబద్ధాలకోరు అంటే నిజమవుతుంది. యూబులిడీస్‌ను బిగించిన వాక్యాన్నే ఇక్కడ నిషేధించి, ఆ నిషేధాన్నే ఆధారంగా వాడుకుంటారు. ముగ్గురిలో మొదటివాణ్ణి నువ్వెవరని అడిగితే ఏదో గొణుగుతాడు. తాను అబద్ధాలకోరునని అన్నాడంటాడు రెండోవాడు. వీడి మాట నమ్మకండి అంటాడు మూడోవాడు. ఆ మాట మొదటివాడు అని ఉండలేడు కనుక రెండోవాడు అబద్ధాలకోరు, మూడోవాడు నిజం చెప్పేవాడు. మొదటివాడెవరో తెలియదు, తెలిసే దారీ లేదు.

రెండు దారుల ప్రశ్నను మార్టిన్ గార్డ్‌నర్ 1957లో సైంటిఫిక్ అమెరికన్ కాలమ్‌లో ఇచ్చాక లోకమంతా పాకింది. దారి చీలిన చోట ఒక దీవివాసి ఉన్నాడు, ఒకే ప్రశ్న అడగాలి. ‘ఎడమ దారి ఊరికి పోతుందా అని అడిగితే నువ్వు అవునంటావా?’ అని అడిగితే ఎవడైనా సరైన దారే చెబుతాడు. ఆ దారి ఊరికే పోతుందనుకుందాం. అబద్ధాలకోరును నేరుగా అడిగితే కాదనేవాడు. అవునంటావా అని అడిగితే దాని గురించీ అబద్ధమాడి అవునంటాడు. రెండు అబద్ధాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

వీటన్నిటికీ ఇంటిపేరుగా నిలిచినవాడు రేమండ్ స్మల్యన్ (1919–2017). గారడీవాడు, పియానో వాద్యకారుడు, ప్రిన్స్‌టన్‌లో అలోంజో చర్చ్ దగ్గర డాక్టరేట్ చేసిన తార్కికుడు. 1925 ఏప్రిల్ 1న, తన ఆరో ఏట జబ్బుపడి మంచంలో ఉన్న తనను ఆ రోజు మునుపెన్నడూ లేనంతగా ఫూల్ చేస్తానని అన్న ఎమిల్ చెప్పాడనీ, తాను రోజంతా ఎదురుచూసినా ఏమీ జరగలేదనీ ఆయన రాసుకున్నాడు. రాత్రి అన్న వచ్చి, ఫూల్ చేస్తానని ఎదురుచూశావు, చేయలేదు కనుక చేసేసినట్టే అన్నాడు. మోసపోయానా లేదా అని పిల్లవాడు దీపం ఆర్పాక కూడా తేల్చుకోలేకపోయాడు. 1978లో వచ్చిన ఆయన పుస్తకంతో నిజమే చెప్పే నైట్లు, అబద్ధమే చెప్పే నేవ్‌ల దీవి ప్రసిద్ధమైంది. 1987 నాటి ‘ఫరెవర్ అన్‌డిసైడెడ్’లో అదే దీవి మీద పాఠకుణ్ణి గోడెల్ సిద్ధాంతం దాకా నడిపించాడు. అక్కడ ఒకడు, ఎప్పుడూ తప్పు నిరూపించని తార్కికుడితో, ‘నేను నైట్‌నని నువ్వెప్పటికీ నిరూపించలేవు’ అంటాడు. వాడు నేవ్ అయితే ఆ మాట అబద్ధమై, తార్కికుడు ఒక అబద్ధాన్ని నిరూపించినట్టవుతుంది. కనుక వాడు నైటే. ఆ సంగతి తార్కికుడు నిరూపించలేడు.

తర్కవేత్త జార్జ్ బూలోస్ 1996లో ఈ ముడిని ఇంకా బిగించాడు. ముగ్గురు దేవుళ్ళలో ఒకడు నిజమే, ఒకడు అబద్ధమే చెబుతాడు. మూడోవాడు ఇష్టమొచ్చినట్టు చెబుతాడు. జవాబులు ‘డా’, ‘జా’ అని వస్తాయి, ఏది అవునో తెలియదు. మూడు ప్రశ్నల్లో ముగ్గురినీ గుర్తించాలి. మొదటి ప్రశ్నతో ఇష్టమొచ్చినట్టు మాట్లాడనివాణ్ణి ఒకణ్ణి పట్టుకోవడమే ఇందులో కిటుకు. మూలం స్మల్యన్‌దనీ, డా, జా మెలిక జాన్ మెకార్తీదనీ బూలోస్ రాశాడు.

అప్పుడప్పుడూ అబద్ధమాడేవాడి సంగతి గణితజ్ఞులు వదల్లేదు. పది లక్షల లోపు ఒక సంఖ్యను అవును, కాదు జవాబులతో కనుక్కోవడానికి 20 ప్రశ్నలు చాలు. జవాబుల్లో ఒక్కటి అబద్ధం కావచ్చంటే ఎన్ని కావాలని స్టానిస్లా ఉలామ్ 1976లో అడిగాడు. 1987లో ఆంజే పెల్ట్స్ జవాబు తేల్చాడు: 25.